బెజవాడ దుమ్ములో సైకిల్ చైన్: మైనం ఎప్పుడు, నూనె ఎప్పుడు

'కందెన వేయని బండికి కావలసినంత సంగీతం' అని సామెత. ఎడ్లబండి రోజుల్లో ఇరుసుకి ఆముదం, మసి కలిపిన కందెన పూస్తే చక్రం కీచుమనడం ఆగేది. ఆ అలవాటే సైకిల్ దాకా వచ్చింది. చైన్ కిర్రుమంటే నాలుగు చుక్కల నూనె, ఇంకా కిర్రుమంటే మరో నాలుగు. సర్వీసింగ్‌లో చెప్పే 'ఓవర్‌హాలింగ్' (అంతా విప్పి, శుభ్రం చేసి మళ్ళీ బిగించడం) కూడా చాలామంది నోట 'ఓవరాయిలింగ్' అయిపోయింది. అసలు పని నూనె పోయడమే అన్న నమ్మకం ఆ మాటలోనే కనిపిస్తుంది.

కానీ బండి ఇరుసు వేరు, సైకిల్ చైన్ వేరు. ఇరుసు చుట్టూ సందు పెద్దది, చక్రం తిరిగేది నెమ్మదిగా. కందెనలో కాస్త మట్టి కలిసినా బండి నడిచిపోతుంది. చైన్‌లో వందకు పైగా చిన్న చిన్న కీళ్ళు ఉంటాయి. ఒక్కో కీలులో ఉక్కుకీ ఉక్కుకీ మధ్య ఉండే సందు కంటికి సరిగా ఆనదు. దుమ్ము ఆ సందులోకి చేరిందంటే, పైన ఎంత నూనె పోసినా లోపలి అరుగుడు ఆగదు. పైగా ఆ నూనే మరింత దుమ్మును లోపలికి మోసుకెళ్తుంది. విజయవాడ, గుంటూరు రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్ళకి ఈ ఒక్క సంగతి తెలిస్తే చైన్ ఖర్చు చాలా తగ్గుతుంది.

ఇప్పుడు వాడుతున్న రోలర్ చైన్‌కు 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ రూపం ఇచ్చాడు. బయట రెండు పలకలు, లోపల రెండు పలకలు, వాటిని కలిపే పిన్ను, పిన్ను చుట్టూ తిరిగే రోలర్. పాలవాళ్ళ సైకిల్‌కైనా, లక్ష రూపాయల గేర్ సైకిల్‌కైనా ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి దూరం అర అంగుళమే, అంటే 12.7 మి.మీ. వెడల్పులు మారాయి గానీ ఆ అర అంగుళం మారలేదు.

'చైన్ సాగింది' అని సైకిల్ షాపులో అంటారు. నిజానికి ఉక్కు పలకలు సాగవు. పిన్ను ఒక పక్క అరుగుతుంది, పిన్ను ఆనుకునే లోపలి అంచు అరుగుతుంది. అరిగినంత మేర ప్రతి కీలూ కాస్త వదులవుతుంది. ఒక్కో కీలు 0.06 మి.మీ. అరిగినా చాలు, 112 కీళ్ళ చైన్ దాదాపు 7 మి.మీ. పొడవు పెరుగుతుంది. అప్పుడు చైన్ రోలర్లు పళ్ళ మధ్య గుంటలో కూర్చోకుండా పన్ను మీదికి ఎక్కడం మొదలుపెడతాయి. చైన్‌తో పాటు ఫ్రీవీల్ (వెనక చక్రానికి ఉండే పళ్ళ చక్రం) పళ్ళు కూడా పదునెక్కి వంకర తిరుగుతాయి. కొత్త చైన్ వేసినా జారడానికి కారణం ఇదే. పాత పళ్ళు పాత చైన్‌కి అలవాటుపడి అరిగి ఉంటాయి.

దీన్ని కొలవడానికి పిల్లల స్కూలు స్కేలు సరిపోతుంది. చైన్‌ను బిగువుగా ఉంచి స్కేలు సున్నాను ఒక పిన్ను మధ్యలో పెట్టాలి. కొత్త చైన్‌లో సరిగ్గా 12 అంగుళాల దగ్గర మరో పిన్ను మధ్యభాగం వస్తుంది. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మి.మీ. ముందుకు పోయి ఉంటే గేర్ సైకిల్‌కి చైన్ మార్చే సమయం వచ్చినట్టే. మూడు మి.మీ. దాటితే చైన్‌తో పాటు వెనక పళ్ళు కూడా పోయి ఉంటాయి. గేర్లు లేని సైకిల్‌కి కొంచెం ఎక్కువ దాకా ఓర్చుకోవచ్చు. ఈ కొలత రెండు నెలలకోసారి చూసుకునేవాళ్ళు చైన్ ఒక్కటే కొంటారు. చూడనివాళ్ళు చైన్, ఫ్రీవీల్, ఒక్కోసారి ముందున్న చైన్‌వీల్ కూడా కలిపి కొంటారు.

ఇక్కడి దుమ్ము సంగతి

విజయవాడ చుట్టుపక్కల దుమ్ము ఒకే రకం కాదు. కృష్ణ ఇసుక లారీలు వెళ్ళే దారుల్లో రోడ్డు అంచున ఎప్పుడూ సన్నటి ఇసుక పరుచుకుని ఉంటుంది. ఇసుకలో ఎక్కువ భాగం క్వార్ట్జ్, అది మామూలు ఉక్కును గీయగలిగేంత గట్టిది. పెద్ద రేణువులు చైన్ కీలులోకి దూరలేవు. కానీ టైర్ల కింద నలిగి పిండైన ఇసుక దూరుతుంది. ఇబ్రహీంపట్నం వైపు థర్మల్ విద్యుత్ కేంద్రం బూడిద ఉంది. అది పిండి కంటే మెత్తగా ఉండి, అందులోనూ సిలికా ఉంటుంది. గుంటూరు వైపు నల్లరేగడి. ఎండలో దాని ధూళి ఇసుకంత కోయదు గానీ, వానలో బంకలా పట్టి ఫ్రీవీల్ పళ్ళ మధ్య గడ్డకడుతుంది. రాజధాని ప్రాంతంలో నిర్మాణాలు సాగే దారుల్లో సిమెంటు దుమ్ము కూడా తోడవుతుంది.

ఇంజన్ పని చేసే మెకానిక్‌లకి వాల్వులు అరగదీసే పేస్టు తెలుసు. గట్టి పొడిని జిడ్డులో కలిపి చేసేదే ఆ పేస్టు. నూనెతో తడిసిన చైన్ మీద రోడ్డు దుమ్ము పడితే తయారయ్యేది సరిగ్గా అదే. చేతికి అంటే నల్లటి మడ్డి అంతా పాత నూనే కాదు. అందులో దుమ్ము ఉంది, చైన్ నుంచి అరిగిన ఉక్కు పొడి ఉంది. దాని మీద కొత్త నూనె పోస్తే మడ్డి పలచబడి ఇంకా లోపలికి దిగుతుంది. రెండు రోజులు చప్పుడు ఉండదు కాబట్టి పని అయిందనిపిస్తుంది, లోపల అరుగుడు మాత్రం పెరుగుతుంది. కొన్ని చోట్ల మోటార్‌సైకిల్ ఇంజన్ నుంచి తీసిన కాలిన ఆయిల్ పోసే అలవాటు ఉంది. అందులో ముందే మసి, లోహపు పొడి ఉంటాయి. ఊరికే ఇచ్చినా ఆ నూనె వద్దనడం మేలు.

నూనె వేస్తే సైకిల్ తేలికవుతుందన్న నమ్మకానికి కూడా ఆధారం తక్కువ. 1999లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం ప్రయోగశాలలో చైన్‌లను నడిపి చూసింది. కాలు పెట్టిన శక్తిలో 98.6 శాతం దాకా చక్రానికి చేరింది. శుభ్రమైన గదిలో, శుభ్రమైన చైన్‌కి ఏ కందెన వేసినా ఆ లెక్కలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అంటే కందెన అసలు ఉపయోగం కీలును ఎక్కువకాలం బతికించడంలో ఉంది. కాబట్టి నూనె, మైనం ఏది మంచిదన్న ప్రశ్నను కూడా ఏది ఎక్కువ తేలిక అని అడగడం కంటే, ఏది దుమ్మును బయట ఉంచుతుందని అడగడం సబబు.

ముందు కడగాలి

పైపైన గుడ్డతో తుడవడం మంచి అలవాటే, రోజూ చేసినా తప్పు లేదు. బయట ఉన్న మురికి లోపలికి చేరకుండా అది కొంత ఆపుతుంది. కానీ ఇప్పటికే లోపలున్న దాన్ని తీయలేదు. దానికి చైన్ విప్పి నానబెట్టి కదపాలి.

గేర్లు లేని మామూలు సైకిళ్ళలో చైన్‌ను కలిపే చోట లాక్ ఉంటుంది, దాని మీద చేప ఆకారంలో స్ప్రింగ్ క్లిప్పు. సన్న స్క్రూడ్రైవర్‌తో నొక్కితే వచ్చేస్తుంది. తిరిగి పెట్టేటప్పుడు క్లిప్పు మూసి ఉన్న వైపు చైన్ నడిచే దిశలో ముందుకు ఉండాలి. వెనక్కి పెడితే దేనికైనా తగులుకుని ఊడిపోయే ప్రమాదం ఉంది. గేర్ సైకిళ్ళలో చాలావరకు క్విక్ లింక్, అంటే చైన్ రెండు కొసలను కలిపే, విప్పదగ్గ లింకు ఉంటుంది. దాన్ని విప్పే ప్లయర్ ఒకటి కొనుక్కుంటే గోళ్ళు పోకుండా పని అవుతుంది. కొన్ని క్విక్ లింకులు ఒక్కసారి వాడడానికే చేసినవి, పదేపదే విప్పేవాళ్ళు మళ్ళీ వాడదగ్గ రకాన్నే ఎంచుకోవాలి.

ఒకప్పుడు ప్రతి ఇంట్లో రేషన్ షాపు నీలం కిరోసిన్ ఉండేది, చైన్ కడగడానికి అంతకంటే మంచి ద్రవం అక్కర్లేకపోయేది. ఇప్పుడు కిరోసిన్ అంత సులువుగా దొరకదు గనుక పెయింట్ షాపులో అమ్మే మినరల్ టర్పెంటైన్ తెచ్చుకోవచ్చు. వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాలో చైన్ వేసి, మునిగేంత పోసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు బాగా కుదిపితే ద్రవం నల్లబడుతుంది. అది ఒంపేసి మళ్ళీ కొత్తది పోయాలి. మూడోసారికి రంగు చాలావరకు తేటపడుతుంది. సీసా అడుగున సన్నటి ఇసుక కనిపిస్తుంది. ఆ ఇసుక అంతవరకూ చైన్ కీళ్ళలో ఉన్నదే అని గుర్తొస్తే, మళ్ళీ పాత పద్ధతిలో పై నుంచి నూనె పోయబుద్ధి కాదు.

మంట విషయంలో ఇక్కడి ఎండాకాలాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకోవాలి. కిరోసిన్ ఆవిరి దాదాపు 35 నుంచి 40 డిగ్రీల వేడి దగ్గర నిప్పు అందుకునే స్థితికి చేరుతుంది. చల్లటి దేశాల్లో దాన్ని కాస్త నిర్భయంగా వాడతారంటే అర్థముంది. మే నెలలో బెజవాడ మధ్యాహ్నం గాలే 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ వేళ కిరోసిన్, టర్పెంటైన్ రెండూ దాదాపు పెట్రోలుతో సమానంగా జాగ్రత్తపడాల్సినవి. తెల్లవారుజామున, బాల్కనీలోనో డాబా మీదో, స్టవ్‌కీ దీపానికీ దూరంగా ఈ పని పెట్టుకోవాలి. పెట్రోలు మాత్రం ఏ కాలంలోనూ వద్దు. దాని ఆవిరి గాలి కంటే బరువైనది, నేల వెంట పాకి ఎక్కడో ఉన్న నిప్పును అందుకుంటుంది.

యాసిడ్ కూడా వద్దు. ఇత్తడి సామాన్లు చింతపండుతో తళతళలాడేలా తోమే ఇళ్ళలో, తుప్పు పట్టిన చైన్‌కి కూడా పులుపో, టాయిలెట్ క్లీనరో వాడదామనిపించడం సహజం. చైన్ ఉక్కును గట్టిపరిచి తయారుచేస్తారు. అలాంటి ఉక్కులోకి యాసిడ్ వల్ల హైడ్రోజన్ చేరి దాన్ని పెళుసు చేస్తుంది. పైకి మెరుస్తున్న చైన్ ఏ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో పుటుక్కున తెగవచ్చు.

మైనం పట్టించడం

మైనం పద్ధతి వెనకున్న ఆలోచన చాలా సూటిగా ఉంటుంది. నూనె తడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము అంటుతుంది. మైనం కరిగినప్పుడు నీళ్ళలా పలచగా ఉండి కీలు లోపలికి దిగుతుంది, చల్లారాక గట్టిపడి అక్కడే ఉండిపోతుంది. పైన పొడిగా ఉంటుంది కాబట్టి దుమ్ము వాలినా రాలిపోతుంది. చేయి పెడితే నలుపు అంటదు. ప్యాంటు అంచు పాడవదు.

వాడాల్సింది పారఫిన్ మైనం. కొవ్వొత్తి అన్న పేరులో కొవ్వు ఉంది గానీ, గుణదల మాత ఉత్సవాల్లో వెలిగే తెల్ల కొవ్వొత్తుల్లో సాధారణంగా ఉండేది పెట్రోలియం నుంచి తీసిన ఈ పారఫినే. అయితే కొవ్వొత్తుల్లో గట్టిదనం కోసం స్టియరిక్ ఆమ్లం, కొన్నిటిలో రంగు, వాసన కలుపుతారు. అవేవీ చైన్‌కి అక్కర్లేదు. కొవ్వొత్తులు తయారుచేసేవాళ్ళకి ముడిసరుకు అమ్మే చోట పూర్తిగా శుద్ధి చేసిన పారఫిన్ పలకలు దొరుకుతాయి. 58–60 డిగ్రీలు, 60–62 డిగ్రీలు అని కరిగే వేడిని బట్టి అమ్ముతారు. ఇక్కడి ఎండకి రెండోది మేలు. మే నెలలో ఎండలో నిలిపిన సైకిల్ ఉక్కు చెయ్యి పెట్టలేనంతగా కాలుతుంది, తక్కువ వేడికి కరిగే మైనం మెత్తబడి దుమ్మును పట్టుకుంటుంది. శుద్ధి సరిగా లేని మైనంలో నూనె శాతం ఎక్కువ, దానితోనూ అదే ఇబ్బంది. తేనెమైనం జిగట, కాబట్టి పనికిరాదు.

మొదటిసారి మైనం పెట్టే ముందు చైన్‌లో నూనె చుక్క కూడా మిగలకూడదు. కొత్త చైన్ అయినా సరే, ఫ్యాక్టరీలో పెట్టిన గ్రీజు మొత్తం తీయాలి. నూనె ఉన్న ఉక్కుకు మైనం పట్టదు, పట్టిన కాస్తా త్వరగా రాలిపోతుంది. టర్పెంటైన్ కడుగుళ్ళ తర్వాత మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒకసారి కుదిపితే మిగిలిన జిడ్డు పొర కూడా పోతుంది. చైన్‌ను పూర్తిగా ఆరనివ్వాలి. ఈ ఓపిక లేకపోతే మైనం జోలికి వెళ్ళకపోవడమే మంచిది. మైనం నిలవలేదని విసుగుపడేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ మెట్టు దగ్గరే.

మైనాన్ని నేరుగా మంట మీద కరిగించకూడదు. ఒక గిన్నెలో నీళ్ళు కాచి, ఆ నీళ్ళలో మైనం ఉన్న పాత స్టీలు గిన్నె పెట్టాలి. నీళ్ళు 100 డిగ్రీలు దాటవు గనుక మైనం 90 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. పారఫిన్ ఆవిరి నిప్పు అందుకునే వేడి దాదాపు 200 డిగ్రీలు, ఈ పద్ధతిలో ఆ దరిదాపులకి కూడా వెళ్ళదు. ఇండక్షన్ స్టవ్ ఉంటే మంటే ఉండదు. పిల్లలు అటు రాకుండా చూసుకోవాలి, కరిగిన మైనం చర్మానికి అంటుకుని వదలదు. ఎప్పుడైనా గిన్నెలోని మైనానికి నిప్పు అంటుకుంటే నీళ్ళు పోయకూడదు, మూత పెట్టి స్టవ్ ఆపాలి. ఆ గిన్నెను తర్వాత వంటకి వాడకూడదు.

అర కిలో మైనం ఒక చైన్‌కి సరిపోతుంది. చైన్‌ను తీగకి గుచ్చి, కరిగిన మైనంలో దించి, పది పదిహేను నిమిషాలు ఉంచి మధ్యమధ్య కదపాలి. మొదట సన్నటి బుడగలు వస్తాయి. అవి రోలర్ల లోపల చిక్కుకున్న గాలి. బుడగలు ఆగాయంటే లోపలికి మైనం వెళ్ళిందని అర్థం. ఆ వెంటనే తీసేస్తే మైనం పలచగా ఉండి చాలావరకు కారిపోతుంది. స్టవ్ ఆపి, మైనం పైన పాల మీగడలా పొర కట్టడం మొదలయ్యేదాకా ఆగి తీస్తే లోపల ఎక్కువ నిలుస్తుంది. తీగతోనే వేలాడదీయాలి. చల్లారాక చైన్ కర్రలా బిగుసుకుపోతుంది, కంగారుపడక్కర్లేదు. గుండ్రటి కడ్డీ మీదుగా లాగుతూ ప్రతి కీలూ వదులు చేసి బిగించాలి. మొదటి కొన్ని కిలోమీటర్లు తెల్లటి పొట్టు రాలుతుంది, ఆ తర్వాత చప్పుడు లేకుండా నడుస్తుంది.

తర్వాతి సార్లు ఇంత పని ఉండదు. 300 కిలోమీటర్లకోసారి, లేదా పొడి చప్పుడు మొదలవగానే, మరిగే నీళ్ళు చైన్ మీద పోసి పాత మైనం, దుమ్ము కడిగేసి, ఆరాక మళ్ళీ మైనంలో ముంచితే చాలు. టర్పెంటైన్‌తో పనే ఉండదు. మైనంలో చేరిన మురికి అడుగుకి దిగుతుంది. గడ్డకట్టాక బయటికి తీసి అడుగు భాగం చాకుతో గీకేస్తే ఆ మైనమే చాలాసార్లు పనికొస్తుంది.

వానలొచ్చినప్పుడు

ఇన్ని సుగుణాలున్న మైనానికి ఒక పెద్ద లోపం ఉంది. నూనె చైన్ మొత్తం పాకి తుప్పును ఆపుతుంది, మైనం ఆపలేదు. ఒకచోట రాలిపోతే పక్కనుంచి వచ్చి ఆ చోటు నింపదు. ఒక్క గట్టి వానలో తడిపి అలాగే వదిలేస్తే తెల్లారేసరికి పలకల మీద ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. కోస్తా గాలిలోని తేమ దానికి తోడు. అందుకే ఏడాది పొడవునా మైనమే అనే మాట ఇక్కడ చెల్లదు. దుమ్ము రాజ్యం చేసే జనవరి నుంచి జూన్ దాకా మైనం, నైరుతి వానలు మొదలయ్యాక, ముఖ్యంగా తుపాన్లు వచ్చే అక్టోబరు, నవంబరు నెలల్లో నూనె వాడడం ఈ ప్రాంతానికి సరిపడే పద్ధతి. రెండు చైన్‌లు పెట్టుకుని ఒకటి మైనానికి, ఒకటి నూనెకి కేటాయిస్తే మార్చిన ప్రతిసారీ కడిగే బాధ తప్పుతుంది.

నూనె వేసే పద్ధతి కూడా మారాలి. శుభ్రమైన చైన్ మీద, ఒక్కో రోలర్‌కి ఒక్కో చుక్క, పెడల్ నెమ్మదిగా వెనక్కి తిప్పుతూ వేయాలి. పది నిమిషాలు ఆగి, బయట మిగిలినదంతా పొడిగుడ్డతో తుడిచేయాలి. నూనె పని పిన్ను దగ్గరే, పలక మీద మెరిసే నూనె దుమ్మును పిలవడానికి తప్ప దేనికీ పనికిరాదు. కుట్టుమిషన్ ఆయిల్ లోపలికి బాగా దిగుతుంది గానీ వానకి త్వరగా కొట్టుకుపోతుంది. కొత్త ఇంజన్ ఆయిల్ నిలుస్తుంది, నలుపు ఎక్కువ. సైకిల్‌కోసమే చేసిన తడికాలపు నూనె రెండింటి కంటే నయం. కొబ్బరినూనె, వంటనూనెలు మాత్రం వద్దు, కొన్నాళ్ళకి అవి జిగురుగా మారతాయి.

పాలు, పేపర్లు వేసేవాళ్ళ సైకిల్‌కి, రోజూ బ్యారేజీ దాటి పనికి వచ్చే మేస్త్రీ సైకిల్‌కి ఈ మైనం తతంగం అవసరం లేదు. ఆ సైకిళ్ళకి చైన్ కవర్ ఉంటుంది, దుమ్ములో సగం అదే ఆపుతుంది. మూడు నెలలకోసారి విప్పి కడిగి, చుక్కచుక్కగా నూనె వేస్తే చైన్ ఏళ్ళ తరబడి నడుస్తుంది. చప్పుడు చేస్తోందని ఆ కవర్ పీకి పారేయడం మాత్రం నష్టం, రెండు బోల్టులు బిగిస్తే చప్పుడు పోతుంది. ఉదయాన్నే ఉండవల్లి వైపో, రాజధాని రోడ్ల మీదో యాభై కిలోమీటర్లు తొక్కి వచ్చే గేర్ సైకిల్ వాళ్ళకే మైనం నిజంగా లాభం. వాళ్ళ చైన్ పూర్తిగా బయటికి ఉంటుంది, సన్నగా ఉంటుంది, అరిగితే మార్చాల్సిన పళ్ళ చక్రాలు కూడా ఖరీదైనవి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్ వైపు ఇళ్ళను రోజుల తరబడి ముంచినప్పుడు సైకిళ్ళు కూడా బురదలో మునిగాయి. వరద నీళ్ళలో ఉన్న చైన్‌కి మైనమైనా నూనైనా వెంటనే పెట్టకూడదు. మొదట మంచినీళ్ళతో బురద వదిలించి, వెంటనే టర్పెంటైన్‌లో కుదపాలి, లేకపోతే ఒండ్రు కీళ్ళలోనే ఎండి గట్టిపడుతుంది. కడిగాక కీళ్ళు ఏవైనా ఇంకా బిగుసుకునే ఉంటే లోపల తుప్పు తిన్నట్టే, ఆ చైన్ మార్చాలి.

కడిగిన నల్లటి ద్రవాన్ని ఏం చేయాలన్నది చివరి పని. దాన్ని డ్రైనేజీలో పోయకూడదు. ఏలూరు, బందరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతాయి, కింద వాటి నీళ్ళతో పొలాలు పండుతాయి. నల్లటి ద్రవాన్ని గాజు సీసాలో మూత పెట్టి రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుగుకి దిగి, పైన తేట టర్పెంటైన్ మిగులుతుంది. ఆ తేటను మెల్లగా ఇంకో సీసాలోకి ఒంపుకుంటే వచ్చేసారి మొదటి కడుగుకి వాడుకోవచ్చు. అడుగున ఉన్న మడ్డిని వడ్రంగి దగ్గర దొరికే రంపపు పొట్టులో పీల్పించి, బయట నీడలో, నిప్పుకి దూరంగా ఆరబెట్టి, కవర్లో కట్టి, తడి చెత్తలో కలపకుండా విడిగా చెత్త బండికి ఇవ్వాలి.